అవ్వ కాళ్ళు, నా కాళ్ళు, కాస్త ఇనుము

కూర్చుని కాళ్ళు ఊపితే దరిద్రం అంటారు. మా కొండాపురం వైపు దానికి ఇంకో మాట కూడా కలుపుతారు, "నిలకడ లేని మనిషి" అని. మొదటిది కాళ్ళ మీద కంప్లైంటు, రెండోది ఏకంగా మనిషి మీద తీర్పు. ఈ రెండు మాటల మధ్య ఒక జబ్బు దాక్కుని ఉంది. దానికి పేరుంది, చాలామందిలో కారణం కూడా దొరుకుతుంది, కొందరికైతే చవగ్గానే తగ్గుతుంది. అయినా మన ఇళ్ళల్లో ఆ పేరు వినిపించదు. అందుకే ఈ సంచికలో కథో కవితో కాకుండా కాళ్ళ గురించి రాస్తున్నా.

పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. క్లాసులో బోర్ కొట్టి కాలు ఆడించడం ఇది కాదు. అది మనకి తెలియకుండానే జరిగిపోయే అలవాటు. ఇది మాత్రం బాగా తెలుస్తుంది. రాత్రి లైటు ఆర్పి పడుకున్న పది నిమిషాలకి పిక్కల లోపల ఏదో మొదలవుతుంది. చీమలు పాకినట్టు, సోడా పొంగినట్టు, నరాన్ని ఎవరో లోపల్నుంచి లాగినట్టు. నొప్పి అందామంటే నొప్పి కాదు. పిసుకుదామంటే ఎక్కడుందో చేతికి దొరకదు. కాలు కదిపితే పోతుంది, ఆపితే వస్తుంది. లేచి నాలుగడుగులు వేస్తే హాయి. మళ్ళీ పడుకుంటే మళ్ళీ మొదలు.

దీన్ని పట్టుకోడానికి స్కానింగులేమీ అక్కర్లేదు. డాక్టర్లు ముఖ్యంగా ఐదు విషయాలు చూస్తారు. కాళ్ళు కదపాలని ఆపుకోలేని కోరిక ఉందా? కూర్చున్నా పడుకున్నా ఎక్కువవుతుందా? కదిపితే, నడిస్తే తగ్గుతుందా? సాయంత్రం, రాత్రి ఎక్కువగా ఉంటుందా? కండరం పట్టేయడం, కీళ్ళ నొప్పి, ఒకే భంగిమలో కూర్చోవడం లాంటి వేరే కారణం ఏదీ కాదు కదా? ఐదింటికీ అవునంటే దాదాపు ఇదే. మా కోడింగ్ ల్యాబ్‌లో ఎర్రర్ మెసేజ్‌లు కూడా ఇంత స్పష్టంగా ఉండవు.

జబ్బు కొత్తదేం కాదు. థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1672లోనే దీని గురించి రాశాడు. మంచం మీద పడుకున్న మనిషి కాళ్ళూ చేతులూ నిలవక అల్లాడిపోతుంటే నిద్ర ఎలా పడుతుంది అన్నది ఆయన బాధ. తర్వాత చాలాకాలం దీన్ని మనసు జబ్బుల కింద, ముఖ్యంగా ఆడవాళ్ళ "నరాల బలహీనత" కింద తోసేశారు. 1945లో కార్ల్ ఎక్‌బొమ్ అనే స్వీడన్ న్యూరాలజిస్టు దీన్ని వివరంగా పరిశీలించి ఇప్పుడున్న పేరు పెట్టాడు. ఇద్దరి పేర్లూ కలిపి విల్లిస్-ఎక్‌బొమ్ జబ్బు అని కూడా అంటారు.

మా ఇంట్లో మాత్రం దాని పేరు "అవ్వ తిరుగుడు".

మా అవ్వకి డెబ్బై దగ్గర పడింది. పొగాకు సీజన్లో బ్యారన్ దగ్గర కర్రలకి ఆకు అల్లే పనికి ముప్పై ఏళ్ళు పోయింది. పగలంతా గట్టిగానే ఉంటుంది. రాత్రి ఊరంతా పడుకున్నాక మా వాకిట్లో ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతుంది. నా చిన్నప్పుడు నిద్ర మధ్యలో మెలకువ వస్తే ముందు వినిపించేది ఆమె కాలి మెట్టెల చప్పుడే. తాత పోయాక మెట్టెలు తీసేశారు, తిరుగుడు మాత్రం ఆగలేదు. దాంతో కథలు మొదలైనయ్యి. తాత మీద బెంగ అన్నారు కొందరు, గాలి సోకింది అన్నారు ఇంకొందరు. ఒక తాయెత్తు కూడా కట్టారు. "ముసలామెకి మతి తప్పతా ఉంది" అని బంధువుల్లో ఒకామె ఎదురుగానే అనేసింది.

అవ్వ ఏమీ అనలేదు. మెల్లగా బయటికి పోవడం మానేసింది. పెళ్ళికి రమ్మంటే రాదు. కావలి బస్సు ఎక్కదు. సొంత చెల్లెలింట్లో కూడా రాత్రి ఉండదు. నేను అడిగితే ఒకసారి చెప్పింది: "ఒకరింట్లో పండుకోని, అర్ధరాత్రి లేచి తిరగతా ఉంటే ఏమనుకుంటారు పాపా? నా కాళ్ళు నా మాట ఇనవు." నిద్ర పోవడం కంటే ఎక్కువగా ఆమెని కుంగదీసింది ఇదే అని నాకిప్పుడు అర్థమవుతోంది. పదిమందిలో కూర్చోలేకపోవడం.

మా వైపు కాళ్ళ బాధ అంటే ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవడానికి ఇంకో కారణం నీళ్ళు. ఉదయగిరి ప్రాంతంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. కీళ్ళు బిగుసుకోవడం, నడుం వంగడం చూసీ చూసీ అలవాటైపోయింది. "కాళ్ళు పీకతన్నాయి" అంటే "నీళ్ళు అట్టాంటివి" అనేస్తారు. కానీ ఫ్లోరైడ్ నొప్పి నడిస్తే మాయమైపోదు, చీకటి పడగానే టైం ప్రకారం రాదు. ఆ తేడా అడిగినవాళ్ళు లేరు.

నాకు ఇంటర్ రెండో సంవత్సరంలో మొదలైంది. ఇంజినీరింగ్ హాస్టల్‌కి వచ్చాక ముదిరింది. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి దగ్గరి బంధువుల్లో ఎవరికో ఒకరికి ఉంటుంది కాబట్టి అవ్వ నుంచి నాకు వచ్చి ఉండొచ్చు. ఆస్తిలో వాటా సంగతి తర్వాత, ఇదైతే ముందే అందింది. రాత్రి రెండు గంటలకి హాస్టల్ కారిడార్‌లో తిరుగుతుంటే రూమ్మేట్స్ "ఎవరితోనే ఫోన్?" అని నవ్వేవాళ్ళు. నాలుగ్గంటల నిద్రతో ఎనిమిదిన్నర క్లాసు. కొన్ని నెలలకి ఊరికే ఏడుపు వచ్చేది. మెస్‌లో ఎవరి పక్కనా కూర్చోబుద్ధయ్యేది కాదు. సెమిస్టర్ వదిలేసి ఇంటికి పోదామని రెండుసార్లు బ్యాగు సర్దుకున్నా.

అదే టైంలో మా కాలేజీలో రక్తదాన శిబిరం జరిగింది. నా హిమోగ్లోబిన్ 12.6 వచ్చింది. రక్తం ఇవ్వడానికి 12.5 ఉంటే చాలు, అంటే నేను పాస్. రక్తం బాగానే ఉందంటే ఇక మిగిలింది నా మనసే అనుకోవాలి కదా. కానీ అక్కడున్న డాక్టరమ్మ నా కళ్ళ కింద నలుపు చూసి "నిద్ర పోతున్నావా?" అని అడిగింది. కాళ్ళ సంగతి చెప్పా. ఆమె ఆ ఐదు ప్రశ్నలూ అడిగి, "ఈ రోజు రక్తం ఇవ్వద్దు, ముందు ఫెరిటిన్ టెస్ట్ చేయించుకో" అని చీటీ మీద రాసిచ్చింది. రిపోర్టులో 14 వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే అసలు విషయం ఇదే. హిమోగ్లోబిన్ అంటే ఇప్పుడు వాడకంలో ఉన్న ఇనుము. ఫెరిటిన్ అంటే గాదెలో దాచిన ఇనుము. గాదె ఖాళీ అవుతున్నా శరీరం ముందు రక్తానికే సర్దుతుంది. కాబట్టి హిమోగ్లోబిన్ మామూలుగా ఉండి ఫెరిటిన్ అడుగంటిపోయి ఉండొచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో ఫెరిటిన్ 15 కంటే తక్కువ ఉంటే ఇనుము నిల్వలు లేనట్టే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఈ కాళ్ళ జబ్బుకైతే గీత ఇంకా పైన ఉంటుంది. ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఇనుము ఇచ్చి చూడమని నిపుణుల సూచన. జ్వరం, వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఒంట్లో బాగున్నప్పుడు చేయించుకోవాలి.

ఇనుముకీ కాళ్ళకీ ఏం సంబంధం? మెదడులో డోపమిన్ తయారు కావాలంటే టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ పని చేయాలి, దానికి ఇనుము కావాలి. డోపమిన్ కదలికలనీ చూస్తుంది, ఉత్సాహాన్నీ చూస్తుంది. ఈ జబ్బులో మెదడుకి ఇనుము సరిగ్గా అందక డోపమిన్ వ్యవస్థ గాడి తప్పుతుందన్నది ఇప్పుడు బలంగా ఉన్న వివరణ. సాయంత్రమే ఎందుకు ఎక్కువవుతుందంటే ఇనుమూ డోపమినూ రెండూ రోజులో ఒక లయ ప్రకారం పెరిగి తగ్గుతుంటాయి. కాళ్ళూ మూడూ ఒకేసారి చెడిపోవడంలో వింతేమీ లేదు. నిద్ర పోతే మూడ్ పోతుంది. మూడ్ పోతే నిద్ర ఇంకా పోతుంది. మా భాషలో చెప్పాలంటే ఎగ్జిట్ కండిషన్ లేని లూప్.

ఇది నా ఒక్కదాని కథ కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత. సగానికి పైనే. అది హిమోగ్లోబిన్ లెక్క మాత్రమే, నాలా గాదె ఖాళీ అయినవాళ్ళు అందులో లేరు.

ఇక తిండి. 2020లో వచ్చిన లెక్క ప్రకారం మగవాళ్ళకి రోజుకి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, ఆడవాళ్ళకి 29. ఈ లెక్కలు వేసేది మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. వాళ్ళే 2017లో ఇచ్చిన పట్టికలో వంద గ్రాముల సజ్జల్లో 6.42 మిల్లీగ్రాముల ఇనుము ఉంది, రాగుల్లో 4.62, జొన్నల్లో 3.95. పాలిష్ పట్టిన తెల్ల బియ్యంలో? 0.65. అవ్వ చిన్నప్పుడు మా మెట్ట ఊళ్ళలో సజ్జ సంగటి రోజూ ఉండేదట, వరన్నం పండక్కి. ఇప్పుడు సంగటి ఆదివారం నాటుకోడితో ఫోటో దిగడానికి, వరన్నం మూడు పూటలా. చిరుధాన్యాల్లో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు, ఫైటేట్లు అడ్డం పడతాయి. అయినా పదింతల తేడా తేడానే.

తిన్నది ఒంటికి పట్టించడం ఇంకో సంగతి. శాకాహారంలో ఇనుము చాలా కొద్దిగానే లోపలికి పోతుంది. పక్కన విటమిన్ సి ఉంటే పెరుగుతుంది. ఉసిరికాయ, జామకాయ, పప్పులో పిండిన నిమ్మకాయ. గూడూరు నిమ్మకాయల జిల్లాలో పుట్టి నిమ్మకాయకి వెతుక్కోవడం ఏముంది? మాంసం, చేపల్లో ఉండే ఇనుము ఇంకా తేలిగ్గా పడుతుంది. పాలకి, కాల్షియం మాత్రలకి మాత్రం ఇనుముతో పడదు, వాటిని వేరే పూటకి పెట్టుకోవాలి. బెల్లం గురించి అందరూ చెప్తారు గానీ మనం తినే చిన్న ముక్కలో వచ్చేది తక్కువే.

అసలు విలన్ టీ. అన్నం తినగానే టీ తాగితే అందులోని టానిన్లు ఇనుముని పట్టేసుకుంటాయి. తినడానికి గంట ముందు, తిన్నాక గంట దాకా టీ కాఫీలు వద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కూడా ఉంది. మన మెస్‌లో లంచ్ అవుతుంటేనే టీ ఫ్లాస్కు దించుతారు. ఊళ్ళో అవ్వ అయితే అందరికీ పెట్టి, మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని, వెంటనే ఒక గ్లాసు టీ తాగుతుంది. కూరలో ముక్కలు మగపిల్లలకి, అడుగున పులుసు ఆమెకి. మా ఇంట్లో ఇనుము ఎవరికి చేరుతుందో తెలియాలంటే ల్యాబ్ అవసరం లేదు, వడ్డన వరస చూస్తే చాలు.

మాత్రల విషయానికొస్తే, ఫెరిటిన్ 14 ఉన్నప్పుడు తిండి ఒక్కదానితో గాదె నిండదు. డాక్టరమ్మ ఇనుము మాత్ర రోజు విడిచి రోజు వేసుకోమంది. రోజూ వేసుకుంటే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి మరుసటి రోజు మాత్రని పేగు సరిగ్గా తీసుకోదట. మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం కూడా ఉంది. దాన్ని కృత్రిమంగా తయారు చేసిన అమెరికా లెడర్లీ ల్యాబ్ బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అది కూడా 1945లోనే. స్వీడన్‌లో ఎక్‌బొమ్ కాళ్ళకి పేరు పెట్టిన సంవత్సరం! మాత్ర చీటీ చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

ఎవరో చెప్పారని మాత్ర కొనుక్కోవద్దు. ఇనుము ఎక్కువైతే కాలేయానికి, గుండెకి చేటు. తలసీమియా లాంటివి ఉన్నవాళ్ళకి అసలు లెక్కే వేరు. మెగ్నీషియం గురించి సీనియర్లు బాగా చెప్తుంటారు గానీ ఈ జబ్బుకి దాని మీద ఆధారాలు బలంగా లేవు. కొన్ని మందులు కాళ్ళని ఇంకా రెచ్చగొడతాయని కూడా తెలిసి ఉండాలి. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, డిప్రెషన్‌కిచ్చే కొన్ని మందులు. అలాంటివి వాడుతుంటే సొంతంగా ఆపకుండా రాసిన డాక్టరుకే చెప్పండి.

ధ్యానం గురించి చాలామంది అడిగారు. హైదరాబాద్ ధమ్మఖేత్తలో పది రోజుల విపశ్యన చేసొచ్చిన సీనియర్ అక్క ఒకామె మన హాస్టల్ టెర్రస్ మీద కొన్నాళ్ళు నేర్పింది. కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చోవాలి. నా కాళ్ళకి "కదలకుండా" అన్న మాటే పడదు! అందులోనూ సాయంత్రం. ఐదు నిమిషాలకే పిక్కల్లో చీమలు. అక్క కోప్పడలేదు. "అయితే నడువ్" అంది. బౌద్ధంలో నడుస్తూ చేసే ధ్యానం ఉంది, దాన్ని చంక్రమణం అంటారట. ఇరవై అడుగులు అటు, ఇరవై అడుగులు ఇటు, మడమ ఆనడం, వేళ్ళు లేవడం గమనిస్తూ.

దాంతో జబ్బు తగ్గిపోయిందని చెప్పను. ధ్యానం, యోగా మీద జరిగినవి చిన్న చిన్న అధ్యయనాలే. నాకు జరిగింది వేరు. అంతకుముందు కారిడార్‌లో తిరిగేటప్పుడు రేపటి క్లాసు, పోయిన నిద్ర, నా మీద నాకు కోపం, ఇవన్నీ నాతో పాటు తిరిగేవి. ఇప్పుడు తిరిగితే తిరుగుడే. అది తగ్గినాక మళ్ళీ పడుకోగలుగుతున్నా. ఇంకొన్ని చిన్న విషయాలు కూడా పనికొచ్చాయి. మధ్యాహ్నం తర్వాత టీ కాఫీ లేవు. పడుకునే ముందు కాళ్ళ మీద చన్నీళ్ళు. రోజూ ఒకే టైంకి పడక. బుర్రకి పని పెట్టినా కాళ్ళు ఊరుకుంటాయి, బస్సులో సుడోకు చేస్తే కావలి దాకా ఇబ్బంది లేదు.

నాలుగు నెలల తర్వాత నా ఫెరిటిన్ 52. వారానికి ఐదు రాత్రులు నిద్ర పడుతోంది. బ్యాగు మంచం కిందే ఉంది, మళ్ళీ సర్దలేదు.

దసరా సెలవుల్లో అవ్వని నెల్లూరు తీసుకెళ్ళాం. బస్సులో వెనక సీటు పక్కన నిలబడే వచ్చింది. హిమోగ్లోబిన్ 9.8, ఫెరిటిన్ 9. కిడ్నీ జబ్బులో కూడా కాళ్ళు ఇలా అల్లాడతాయి కాబట్టి క్రియాటినిన్ చూశారు, అది బాగానే ఉంది. ఆ వయసులో ఇనుము తగ్గితే ఎక్కడో రక్తం పోతుందేమో వెతకాలని డాక్టరు చెప్పాడు. వెతికితే తేలింది. కాళ్ళ బాధకని ఏళ్ళ తరబడి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్ళలు కడుపులో పుండు చేశాయి. అక్కడ కొద్దికొద్దిగా రక్తం పోతోంది, ఇనుము పోతోంది, కాళ్ళు ఇంకా పీకుతున్నాయి, ఇంకో బిళ్ళ పడుతోంది. ఆ బిళ్ళలు ఆపించి, కడుపుకి మందిచ్చి, ఇనుము మొదలుపెట్టారు. ఇనుము సరిపోయినా తగ్గనివాళ్ళకి న్యూరాలజిస్టులు ఇచ్చే వేరే మందులున్నాయి, అవసరమైతే చూద్దామన్నారు.

ఆయన ఆ జబ్బు పేరు చెప్పినప్పుడు అవ్వ మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. పలకడం రాలేదు. "అయితే ఇది గాలి కాదుగా సామీ?" అని అడిగింది. "కాదమ్మా." "మతి తప్పడం కాదుగా?" "కాదమ్మా, ఇనుము తక్కువ." అవ్వ మా అమ్మ వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో ఎన్నేళ్ళున్నాయో నేను లెక్క కట్టలేను.

ఇప్పుడు రాత్రికి ఒకసారి లేస్తోంది, కొన్నిసార్లు రెండు. పూర్తిగా పోలేదు, పోతుందని ఎవరూ మాటివ్వలేదు. సంక్రాంతికి చెల్లెలింట్లో రెండు రాత్రులు ఉండొచ్చింది. టీ మాత్రం మానలేదు, గంట ఆగి తాగుతోంది. ఆ గంటా గడియారం ఎదురుగా కూర్చుంటుంది.

ఫ్రెండ్స్, మీలో ఎవరికైనా రాత్రిళ్ళు ఇలా ఉంటే ఆ ఐదు ప్రశ్నలూ వేసుకోండి, హిమోగ్లోబిన్‌తో ఆగకుండా ఫెరిటిన్ కూడా చేయించుకోండి. మనసు మరీ బరువుగా ఉంటే కాళ్ళ సంగతి తేలేదాకా ఆగక్కర్లేదు, 14416 టెలి మానస్ నంబరు, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. ఇంకో పని కూడా ఉంది, ఐదు నిమిషాలు చాలు. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా" అని అమ్మ అడిగాక, మీరొకటి అడగండి. రాత్రిళ్ళు కాళ్ళు ఎలా ఉంటున్నాయమ్మా అని. అవ్వ, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరుంటే వాళ్ళకి ఫోన్ ఇమ్మని వాళ్ళనీ అడగండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.